ఇంగ్లిష్ పుస్తకంలో మా తెలుగుకు ఒక పేజీ

తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ సంచాలకులకు, ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు,



2022-23 విద్యా సంవత్సరంలో ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టినప్పుడు మీరు ఒక మంచి పని చేశారు. పాఠ్యపుస్తకాలను రెండు భాషల్లో వేయించారు. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఇంట్లో ఇంగ్లిష్ వినని పిల్లకు ఆ ఎదురు పేజీ ఎంత ధైర్యమో సాయంత్రం పూట వరంగల్ కాశిబుగ్గలో మా వాడ పిల్లలకు చదువు చెప్పే నాకు బాగా తెలుసు. అయితే ఆ తోడు సైన్సుకు, లెక్కలకు, సాంఘికశాస్త్రానికి దొరికింది గానీ ఇంగ్లిష్ వాచకానికి దొరకలేదు. అసలు తోడు కావలసిన చోటే పిల్లను ఒంటరిగా వదిలేశాం. ఈ ఉత్తరం ఆ ఒక్క పుస్తకం గురించి. అందులోనూ ఒక్క విషయం గురించి: క్రియకు భూతకాల రూపం, దాని పక్కనే ఉండే మూడో రూపం. పాస్ట్ టెన్స్, పాస్ట్ పార్టిసిపుల్. పిల్లల మాటల్లో వీ-టూ, వీ-త్రీ.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేసేవాళ్ల పిల్లలున్నారు, కొత్తవాడలో మగ్గం ఉన్న ఇళ్ల పిల్లలున్నారు, చౌరస్తాలో చిన్న చిన్న దుకాణాలు నడుపుకునేవాళ్ల పిల్లలున్నారు. మూడు వరుసల పట్టిక అందరికీ నోటికి వచ్చు. గో–వెంట్–గాన్, కమ్–కేమ్–కమ్, ఈట్–ఏట్–ఈటెన్ అంటూ ఎక్కాలు అప్పజెప్పినట్టు ఊపిరి తీసుకోకుండా చెప్తారు. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఆ పట్టికను ఒక్క తప్పు లేకుండా చెప్పింది. నిన్న మీ నాయిన మార్కెట్‌కు పోయిండా అని అడిగి, ఆ జవాబు ఇంగ్లిష్‌లో చెప్పమన్నాను. ‘మై ఫాదర్ వజ్ వెంట్ టు మార్కెట్’ అన్నది. పోలేదని చెప్పమంటే ‘డిడ్ నాట్ వెంట్’ అన్నది. పొద్దున పోయిండు, ఇంకా రాలేదు అని చెప్పమంటే నోరు మెదపలేదు. పట్టిక అంతా తలలో ఉంది, ఒక్క మాట నాలుక మీదికి రాలేదు.

తప్పు ఆ అమ్మాయిది కాదు. పట్టిక రూపాలను చూపిస్తుంది, వాటి పనిని చూపించదు. ‘వెంట్’ ఎక్కడ కూర్చుంటుంది, ‘గాన్’ ఎక్కడ కూర్చుంటుంది, ఏ మాట పక్కన ఉంటే ఏది రావాలి అన్నది ఆ మూడు వరుసల్లో ఎక్కడా లేదు. ఆ పని తెలిసిన చోటు మరొకటి ఉంది. అది ఆ అమ్మాయి ఇంట్లో మాట్లాడే తెలుగు. వరంగల్ తెలుగు. దాన్ని ఇంగ్లిష్ క్లాసు గుమ్మం బయట విడిచి రమ్మంటున్నాం. నా మనవి అంతా ఇక్కడే ఉంది: ఆ తెలుగును లోపలికి పిలవండి, అచ్చులోనే పిలవండి.

‘డిడ్ నాట్ వెంట్’ సంగతే తీసుకోండి. దీన్ని దిద్దడానికి మనం చెప్పే మాట ఒకటే: డిడ్ తరువాత వీ-వన్ వాడాలి, అది రూలు. ఎందుకని పిల్ల అడగదు, మనం చెప్పం. కానీ ఇదే పిల్ల రోజూ ఇంట్లో ఏమంటుంది? తిన్న, తినలే. చూసిన, చూడలే. పోయిన, పోలే. వచ్చిన, రాలే. ‘తిన్న’లో ఉన్న రెండో ‘న’ ‘తినలే’లో ఎటు పోయింది? ‘లే’ వచ్చి జరిగిన కాలాన్ని తన మీద వేసుకుంది కాబట్టి అసలు క్రియ తేలికపడి మొదటి రూపానికి వెళ్లిపోయింది. ‘తిన్నలే’ అని, ‘వచ్చినలే’ అని కాశిబుగ్గలో మూడేళ్ల పిల్ల కూడా అనదు. ఇంగ్లిష్‌లో జరిగేది అచ్చంగా ఇదే. ‘డిడ్’ కాలాన్ని మోస్తుంది, ‘ఏట్’ తిరిగి ‘ఈట్’ అవుతుంది. ఇది చూపించాక మా పిల్లలు ‘డిడ్ నాట్ వెంట్’ అనడం చాలా వరకు మానేశారు. మళ్లీ నోరు జారినప్పుడు పక్కన కూర్చున్నవాళ్లే ‘పోయినలే అంటవా?’ అని గుర్తు చేస్తారు.

ప్రశ్న దగ్గర చిక్కు ఇంకొక రకం. తెలుగులో ‘తిన్నవా?’ అంటాం. అక్కడ భూతకాల రూపం అలాగే ఉండి, చివర ‘ఆ’ ఒక్కటే చేరుతుంది. అందుకే పిల్లలు ‘డిడ్ యూ ఏట్?’ అంటారు. ఈ తప్పు మన భాష లోపలి నుంచి వచ్చిన తప్పు, దానికి కారణం ఉంది. ఆ కారణం తెలిసిన టీచర్ ఒక్క మాటలో దిద్దగలదు: ఇంగ్లిష్‌లో ప్రశ్న కూడా మన ‘తినలే’ లాగానే కూర్చుంటుంది అని. తెలియని టీచర్ ఎర్ర గీత గీసి ఊరుకుంటుంది. తెలుగు ఎక్కడ సాయం చేస్తుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో రెండూ పుస్తకంలో ఉండాలి.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. వీ-టూకు, వీ-త్రీకి తేడా ఏమిటి? మా దగ్గర ‘నేను సినిమా చూసిన’ అంటాం, ‘నేను చూసిన సినిమా’ అని కూడా అంటాం. రెండు చోట్లా ‘చూసిన’ ఒక్కటే. మొదటిది వాక్యాన్ని ముగించే క్రియ. రెండోది సినిమా ఎలాంటిదో చెప్పే మాట. తెలుగు వ్యాకరణం దీన్ని ధాతుజ విశేషణం అంటుంది. కోస్తా తెలుగులో మొదటిది ‘చూశాను’ అయి విడిపోతుంది గనక అక్కడి పిల్లకు రెండూ వేరని చెవికే తెలుస్తుంది. మా పిల్లకు రెండూ ఒకే తీరుగా వినిపిస్తాయి. ఇంగ్లిష్‌లో ‘వర్క్’, ‘కాల్’, ‘కుక్’ వంటి వేల క్రియలకు వీ-టూ, వీ-త్రీ ఒకే రూపం. మా వరంగల్ ‘చూసిన’ నడిచే దారీ అదే. ఒక రూపం రెండు పనులు చేయగలదన్న సంగతి మా పిల్లలకు పుట్టుకతోనే తెలుసు.

మరి రెండు పనులను విడదీసి గుర్తుపట్టడం ఎలా? దానికి పరీక్ష కూడా మా తెలుగులోనే ఉంది. ‘నేను’ తీసి ‘వాడు’ పెట్టి చూడండి. ‘నేను సినిమా చూసిన’ అన్నది ‘వాడు సినిమా చూసిండు’ అవుతుంది. రూపం మారింది, కాబట్టి అది వీ-టూ, ఇంగ్లిష్‌లో ‘సా’. ‘నేను చూసిన సినిమా’ అన్నది ‘వాడు చూసిన సినిమా’ అవుతుంది. రూపం కదల్లేదు, కాబట్టి అది వీ-త్రీ వైపు మాట, ఇంగ్లిష్‌లో ‘సీన్’. ‘ఆమె వండింది’ వీ-టూ. ‘ఆమె వండిన కూర’ వీ-త్రీ. మనిషి మారితే మారేది రెండో రూపం, ఎవరొచ్చినా మారకుండా నిలబడేది మూడో రూపం. ఆరో తరగతి పిల్లకు ఇది ఒక్క పూటలో అర్థమవుతుంది, ఎందుకంటే ఆమెకు ఇది ముందే తెలుసు. తనకు తెలుసన్న సంగతి మాత్రమే తెలియదు.

మూడో రూపాలను గుర్తు పెట్టుకోవడానికి ఇంకొక ఆసరా దొరికింది. ఇది కేవలం కాకతాళీయం, రెండు భాషలకూ ఇక్కడ ఏ చుట్టరికమూ లేదు, పుస్తకంలో వేస్తే ఆ మాట కూడా తప్పకుండా వేయాలి. పట్టికలో పిల్లలు ఎక్కువగా తడబడే మూడో రూపాలను చూడండి: ఈటెన్, గివెన్, రిటెన్, బ్రోకెన్, సీన్, గాన్, నోన్, టోర్న్, స్టోలెన్. అన్నీ ‘న్’తో ఆగుతాయి. ఇప్పుడు మన మాటలు చూడండి: తిన్న, ఇచ్చిన, రాసిన, విరిగిన, చూసిన, పోయిన, తెలిసిన, చినిగిన, దొంగిలించిన. అన్నిటి చివరా ‘న’. తిన్న ఈటెన్, రాసిన రిటెన్, పోయిన గాన్ అని జతలు కట్టి చదివితే ‘ఏట్’, ‘రోట్’, ‘వెంట్’ వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. ‘ఏట్’కు జత ‘తిన్నడు’, ‘రోట్’కు జత ‘రాసిండు’, ‘వెంట్’కు జత ‘పోయిండు’.

ఈ పాఠానికి మా కాశిబుగ్గలో బొమ్మలు గీయనక్కరలేదు. మార్కెట్‌కు పోతే చాలు. ఎండాకాలం ముందు ఎనుమాముల యార్డు మిర్చితో ఎర్రబడుతుంది, ఆ ఘాటు గాలి మా ఇళ్ల దాకా వస్తుంది. అక్కడ పని చేసేవాళ్లు రోజంతా వీ-త్రీలే మాట్లాడుతుంటారు. ఎండిన మిర్చి, తడిసిన మిర్చి, ఏరిన మిర్చి, తూచిన బస్తా, కుట్టిన బస్తా, చినిగిన బస్తా, అమ్మిన సరుకు, కొన్న సరుకు. దడ్వాయి తూచి పక్కకు నెట్టిన బస్తా ఏ రకం బస్తా? తూచిన బస్తా. ఇంగ్లిష్‌లో ‘వెయిడ్’. తూచనిది ఇంకా అటు పక్కనే ఉంది. ఖరీదుదారు కొన్నది ‘బాట్’, అడ్తిదారు అమ్మించింది ‘సోల్డ్’, హమాలీ కుట్టింది ‘సోన్’, లారీ ఎక్కించేటప్పుడు కొక్కెం తగిలి చినిగింది ‘టోర్న్’. రైతు చేతికి వచ్చే తక్‌పట్టీలో, అంటే అమ్మకం చీటీలో, ఉన్నదంతా జరిగిపోయిన పనులే. నాయిన జేబులోంచి తెచ్చిన పాత తక్‌పట్టీ ఒకటి ముందు పెట్టుకుని మా పిల్లలు అందులోని ప్రతి గడికీ ఒక ఇంగ్లిష్ మాట రాశారు. ఎన్ని బస్తాలు తెచ్చారు, ఎంత తూగింది, ఏ ధరకు అమ్మారు. బ్రాట్, వెయిడ్, సోల్డ్. ఆ మూడు క్రియలను వాళ్లలో ఎవరూ మళ్లీ మరిచిపోలేదు.

బజారులో ఇప్పటికే తిరుగుతున్న మూడో రూపాలనూ పుస్తకం పట్టించుకోవచ్చు. ఫ్రైడ్ రైస్ బండి మీద ఉన్న ‘ఫ్రైడ్’ అదే. బిల్లు మీద కొట్టే ‘పెయిడ్’ ముద్ర అదే. ఫోన్‌లో కనబడే ‘మిస్డ్ కాల్’ అదే. మనం నోటితో ‘మిస్ కాల్’ అని చివరి ‘డ్’ను మింగేస్తాం, దానికేం చిన్నబోనక్కరలేదు. ఇంగ్లిష్ వాళ్లు కూడా ఒకప్పుడు ‘ఐస్డ్ క్రీమ్’ అన్నదాన్నే ఇప్పుడు ‘ఐస్ క్రీమ్’ అంటున్నారు. పలికేటప్పుడు మింగినా రాసేటప్పుడు ఉండాలని చెప్తే సరిపోతుంది.

‘హావ్’ దగ్గర పైన చెప్పిన పరీక్ష పనికిరాదు. ‘నేను తిన్న’ అన్న మన ఒక్క మాటే ‘ఐ ఏట్’ కావచ్చు, ‘ఐ హావ్ ఈటెన్’ కావచ్చు. కాబట్టి ఇక్కడ మరో మెట్టు కావాలి. ‘నా దగ్గర రాసిన ఉత్తరం ఉన్నది’ అని మొదలుపెట్టొచ్చు. నా దగ్గర ఉన్నది అంటే ‘ఐ హావ్’. ఏమున్నది? రాసిన ఉత్తరం. పాత ఇంగ్లిష్‌లో ఈ వాక్యం పుట్టిన తీరు కూడా ఇదే. ముందు ‘రాసిన ఉత్తరం నా దగ్గరుంది’ అన్న అర్థంలో వాడారు, కాలం గడిచే కొద్దీ అదే ‘ఐ హావ్ రిటెన్’ అయి పని పూర్తయిందని చెప్పే రూపంగా స్థిరపడింది. ఈ కథ తెలిసిన పిల్లకు హావ్ పక్కన ‘రోట్’ ఎందుకు రాకూడదో వేరే చెప్పాలా? ‘నా దగ్గర రాసిండు ఉత్తరం ఉన్నది’ అని ఎవరంటారు! ఇక ఏది ఎప్పుడన్న సంగతి కాలం మాటలు చెప్తాయి. నిన్న, మొన్న, పోయిన ఏడు అని తేదీ వేలు పెట్టి చూపిస్తే వీ-టూ. ఇప్పుడే, ఇదివరకే, ఇంకా లేదు అని ఇప్పటి సంగతి చెప్తే హావ్, వీ-త్రీ. పొద్దున పోయిండు, ఇంకా రాలేదు అన్న వాక్యంలో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ అమ్మాయికి నోరు పెగలనిది అందుకే.

ఇక్కడ ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు అందరికన్నా ముందుంటారు. వాళ్ల ఇంట్లో ‘గయే’ వేరు, ‘గయే హై’ వేరు. ‘అబ్బా బజార్ గయే హై’ అన్నప్పుడు ఆ ‘హై’ చేసే పనే ఇంగ్లిష్ ‘హాజ్’ చేస్తుంది. మా గదిలో ఈ పాఠం వచ్చినప్పుడు తెలుగు పిల్లలకు దీన్ని చెప్పేది వాళ్లే. మిగతా రోజుల్లో వెనక వరుసలో ముడుచుకుని కూర్చునే పిల్లవాడు ఆ పూట ముందుకు వచ్చి చెప్తాడు. లంబాడీ మాట్లాడే ఇళ్ల పిల్లల భాషలో ఇలాంటివి ఏమున్నాయో ఆ భాష తెలిసిన టీచర్లను కూర్చోబెట్టి రాయించండి. ఆ పని నాలాంటివాళ్లు చేయకూడదు.

కర్మణి వాక్యం, అంటే ప్యాసివ్ వాయిస్, మన బడుల్లో ఎందుకింత భయపెడుతుందో ఎన్నోసార్లు ఆలోచించాను. దాన్ని మనం ‘బడు’తో నేర్పుతాం. మిర్చి తూచబడింది, అన్నం తినబడింది. మా వాడలో ఏ నోటా పలకని తెలుగు అది. ఒక పరాయి భాషను నేర్పడానికి ఇంకొక పరాయి భాషను తెచ్చి అడ్డం పెడుతున్నాం. మా ఇళ్లలో ఈ పని చేసే వాక్యం వేరే ఉంది: ‘కరెంటు తీసిండ్రు’. ఎవరు తీసిండ్రు? చెప్పలేదు, చెప్పనక్కరలేదు. ‘రోడ్డు తవ్విండ్రు’, ‘నల్లా బంద్ చేసిండ్రు’, ‘బడి గోడకు సున్నం వేసిండ్రు’. చేసినవాళ్లు ముఖ్యం కానప్పుడు, తెలియనప్పుడు, తెలిసినా చెప్పడం ఇష్టం లేనప్పుడు మనం వాడే ఈ ‘ఇండ్రు’కు ఇంగ్లిష్‌లో సరిజోడు ప్యాసివ్. ‘ద రోడ్ వజ్ డగ్ అప్.’ ఈ దారిన వస్తే మన చరిత్ర కూడా అందులోకి వస్తుంది. వేయిస్తంభాల గుడి 1163లో కట్టించిండ్రు, ‘వజ్ బిల్ట్’. రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చిండ్రు, ‘వజ్ గివెన్’. అజంజాహి బట్టల మిల్లును మూసిండ్రు, ‘వజ్ క్లోజ్డ్’. ఈ చివరి వాక్యానికి మా లేబర్ కాలనీ పిల్లల దగ్గర తాతలు చెప్పిన కథలు ఉంటాయి. ఎవరు మూసిండ్రు, ఎందుకు మూసిండ్రు అని అడుగుతారు కూడా. అడగనివ్వండి, ప్యాసివ్ వాక్యం ఏమి దాస్తుందో వాళ్లకు అప్పుడే తెలుస్తుంది.

ఇది ఇంగ్లిష్ మార్కులకే సంబంధించిన బాధ అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఇంగ్లిష్ మీడియం వచ్చాక సైన్సు పుస్తకమంతా మూడో రూపాల మీదే నడుస్తోంది. కాంతి పరావర్తనం చెందుతుంది అనడానికి ‘లైట్ ఈజ్ రిఫ్లెక్టెడ్’. వేడిని గ్రహిస్తుంది అనడానికి ‘హీట్ ఈజ్ అబ్జార్బ్డ్’. చివర ‘ఎడ్’ కనబడగానే జరిగిపోయిన సంగతి అనుకోవడం మనమే నేర్పాం. అందుకని పిల్ల ఈ వాక్యాలను ఎప్పుడో ఒకసారి జరిగిన సంఘటనలుగా చదువుతుంది. ఎప్పుడూ జరిగే ధర్మం అన్న అర్థం ఆమెకు చేరదు. పార్టిసిపుల్ ముందున్న ‘పాస్ట్’ అన్న పేరే ఇక్కడ తప్పుదారి పట్టిస్తోంది. ‘రేపు పొద్దున ఉడికించిన గుడ్డు పెట్టు’ అంటాం కదా. గుడ్డు ఉడికేది కూడా రేపే, అయినా ‘ఉడికించిన’ అనే అంటాం. ఆ మాట చెప్పేది నిన్నటి గురించి కాదు, పని పూర్తయిన స్థితి గురించి. ఈ ఒక్క వాక్యం పుస్తకంలో ఉంటే తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం సగం తేలికవుతుంది.

‘ఎడ్’ పలకడం గురించి కూడా చెప్పాలి. మన పిల్లలు ‘వాకెడ్’, ‘హెల్పెడ్’, ‘వాషెడ్’ అని అక్షరం అక్షరం చదువుతారు. దిద్దే ఉపాయం మన తెలుగు వాచకంలోనే ఉంది. క, చ, ట, త, ప పరుషాలని సంధుల పాఠంలో పిల్లలు చదివే ఉంటారు. క్రియ చివర క, చ, ప ధ్వనులు గానీ స, ష, ఫ ధ్వనులు గానీ ఉంటే ‘ఎడ్’ కాస్తా ‘ట్’ అవుతుంది: వాక్ట్, వాచ్ట్, హెల్ప్ట్, వాష్ట్. చివర ట గానీ డ గానీ ఉంటే ‘ఇడ్’: వాంటిడ్, నీడిడ్. మిగిలినవన్నీ ‘డ్’: కాల్డ్, ప్లేడ్, ఓపెన్డ్. పరుషం లాంటి ధ్వని పక్కన పరుషం, మిగిలినవాటి పక్కన సరళం. తెలుగు పీరియడులో నేర్చుకున్న సంధి పక్క పీరియడులో పనికి వస్తుందని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

పట్టిక గురించి ఒక్క మాట. గైడ్లలో అది అక్షరక్రమంలో ఉంటుంది. అబైడ్‌తో మొదలై అరైజ్, అవేక్ మీదుగా నడుస్తుంది. మా పిల్ల జీవితంలో అబైడ్ ఎప్పుడు పలకాలి? ఇంగ్లిష్‌లో దారి తప్పిన క్రియలు ఎందుకు మిగిలాయో 2007లో హార్వర్డ్ పరిశోధకులు లెక్క కట్టి ‘నేచర్’ పత్రికలో వేశారు. పాత ఇంగ్లిష్‌లో 177 అపక్రమ క్రియలను తీసుకుని చూస్తే మధ్యయుగ ఇంగ్లిష్ నాటికి 145, ఇప్పటికి 98 అలాగే మిగిలాయి. తక్కినవన్నీ ‘ఎడ్’ దారిలోకి వచ్చేశాయి. ‘హెల్ప్’కు ఒకప్పుడు ‘హోల్పెన్’ అని మూడో రూపం ఉండేది. జనం రోజూ నోట నలిపేవి మారకుండా నిలిచాయి, అరుదుగా వాడేవి మారిపోయాయి. వంద రెట్లు తక్కువగా వాడే క్రియ పది రెట్లు వేగంగా మారుతుందని వాళ్లు తేల్చారు. అంటే మొండిగా నిలిచినవే అన్నిటికన్నా ఎక్కువ అవసరమైనవి: బీ, హావ్, డూ, గో, కమ్, సే, సీ, టేక్, గెట్, మేక్. అక్షరక్రమం తీసేసి ఇలా రోజూ వాడే ముప్పై నలభై క్రియలతో మొదలుపెట్టండి. తరువాత ధ్వనిని బట్టి గుంపులు కట్టండి. సింగ్–స్యాంగ్–సంగ్, రింగ్–ర్యాంగ్–రంగ్, డ్రింక్–డ్ర్యాంక్–డ్రంక్ ఒక గుంపు. కట్, పుట్, హిట్, షట్ అని అసలు మారనివి ఇంకొక గుంపు. కీప్–కెప్ట్, స్లీప్–స్లెప్ట్ మరొకటి. ‘రీడ్’ మూడు చోట్లా ఒకే స్పెల్లింగుతో ఉండి రీడ్–రెడ్–రెడ్ అని పలుకుతుందని విడిగా చెప్పాలి. ఇంగ్లిష్ ఇంట్లో పుట్టిన పసిపిల్లలు కూడా ‘కమ్డ్’, ‘బ్రింగ్డ్’ అని కొంతకాలం అంటారని మన టీచర్లకు తెలిస్తే ఎర్ర గీతలు కొంత తగ్గుతాయి.

తెలుగు మాట వినబడితే ఇంగ్లిష్ రాదని వాదించేవాళ్లు ఉన్నారు, మీ సంస్థలోనూ ఉండవచ్చు. వాళ్లకు చరిత్రలోంచి ఒక సంగతి గుర్తు చేయాలి. ఈస్టిండియా కంపెనీ కొలువుకు వచ్చిన ఇంగ్లిష్ కుర్రవాళ్లకు తెలుగు నేర్పాల్సి వచ్చినప్పుడు ఎ.డి. కాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణాన్ని వాళ్ల ఇంగ్లిష్‌లోనే రాశాడు. 1840లో సి.పి. బ్రౌన్ రాసిన తెలుగు వ్యాకరణమూ ఇంగ్లిష్‌లోనే ఉంది. మన క్రియలను వాళ్ల క్రియల పక్కన పెట్టి, ఇది మీ ఫలానా రూపం లాంటిది, ఇక్కడ మీకూ వీళ్లకూ తేడా ఉంది అని వివరించారు. పాలించడానికి వచ్చినవాళ్లు తమ భాష మీద నిలబడి మన భాష నేర్చుకున్నారు. మన పిల్లలను మాత్రం కాళ్ల కింద నేల లేకుండా నేర్చుకోమంటున్నాం.

ఏ తెలుగు అని కూడా అడుగుతారు. ‘చేసినాడు’, ‘చేశాడు’ ఉండగా ‘చేసిండు’ను పుస్తకంలో ఎలా వేస్తామని అంటారు. ఈ వరంగల్‌లోనే బతికిన కవి కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబర్ 9న, ప్రతి బడిలో తెలంగాణ భాషా దినోత్సవం జరుపుతున్నాం. ఆ రోజు వేదిక మీద గౌరవించే మాటను మిగతా రోజుల్లో క్లాసులో తప్పు అనలేం. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లోనే వ్యవసాయ వృత్తి మాటలను ప్రాంతాలవారీగా ఏరి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చారు, 1971లో చేనేత మాటలతో రెండోది వచ్చింది. ప్రాంతం మాటను ప్రాంతం మాటగానే అచ్చు వేయడం తెలుగులో ఎన్నడో జరిగిన పని. పైగా ఇక్కడ ప్రశ్న గౌరవం ఒక్కటే కాదు. ‘వాడు’ పెట్టి చూసే పరీక్ష ‘చేసిన–చేసిండు’తోనే మా పిల్లలకు పనిచేస్తుంది. ‘చేశాను’తో మొదలుపెడితే వాళ్లు ముందు ఆ తెలుగు నేర్చుకుని తరువాత ఇంగ్లిష్ నేర్చుకోవాలి.

పరీక్ష మారకపోతే ఈ పేజీ అచ్చయినా ఎవరూ తెరవరు. ‘గో’కు పాస్ట్ పార్టిసిపుల్ రాయండి అన్న ప్రశ్నకు పట్టిక చాలు, కాబట్టి అందరూ పట్టికే నేర్పుతారు. ఒక తక్‌పట్టీ ఇచ్చి, నిన్న మార్కెట్‌లో ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో రాయమనండి. ఒక పొలం బొమ్మ ఇచ్చి, ఇప్పటికే ఏ పనులు అయ్యాయో, ఏవి ఇంకా కాలేదో రాయమనండి. రూపం ఒకటి తప్పి పని సరిగా ఉంటే సగం మార్కులు వేయమని దిద్దేవాళ్లకు చెప్పండి. ‘డిడ్ నాట్ కేమ్’ రాసిన పిల్లకూ, ఏమీ రాయకుండా ఖాళీ వదిలిన పిల్లకూ ఇప్పుడు ఒకే సున్నా పడుతోంది.

నేను అడిగే పేజీ పెద్దదేమీ కాదు. ఆరో తరగతి ఇంగ్లిష్ వాచకంలో ఒకటి, ఎనిమిదిలో ఒకటి చాలు. అందులో మూడు వరుసల పట్టిక పక్కన నాలుగో వరుస ఒకటి వేయండి. ఆ నాలుగో వరుసలో మీరు ఏమీ రాయకండి. మా దగ్గర ‘చూసిండు’ అంటే మరో జిల్లాలో ఇంకో తీరుగా అనవచ్చు, ఉర్దూ ఇంట్లో ఒకటి, లంబాడీ తండాలో ఒకటి అనవచ్చు. దాని పైన ‘మీ ఇంట్లో ఏమంటారు?’ అని మాత్రం అచ్చు వేసి, కింద గీతలు గీసి వదలండి. పుస్తకాల తర్వాతి ముద్రణకు ముందు వరంగల్ జిల్లాలో కొన్ని బడుల్లో దీన్ని పెట్టి చూస్తామంటే, మా పిల్లలు ఇప్పటికే నింపిన వరుసలు పంపిస్తాను.

ఇట్లు,
సాయంత్రం పూట పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే ఒక మాస్టారు,
కాశిబుగ్గ, వరంగల్.